పాళీ మాట: వార్షికోత్సవ పెన్నుల మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

జర్మన్ కంపెనీ లామీ చేసే ఫౌంటెన్ పెన్ను లామీ 2000 గురించి రాసిన వ్యాసం చివర పాఠకుల్ని ఒక మాట అడిగాను. ఆ పెన్నుకి వార్షికోత్సవాల పేరుతో వచ్చిన లిమిటెడ్ ఎడిషన్లు మీకు నచ్చాయా, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయమన్నాను. చాలా ఉత్తరాలు వచ్చాయి. లామీతో మొదలుపెట్టి పార్కర్ 51 మీదికీ, అదే పార్కర్ కంపెనీ చేసిన డుయోఫోల్డ్ మీదికీ వెళ్లారు. మెచ్చుకున్నవాళ్లకంటే కోప్పడ్డవాళ్లే ఎక్కువ. ఆ కోపం నాకు నచ్చింది. చేతిలో పట్టుకుని రాసే వస్తువు మీద అంత పట్టింపు ఉన్నవాళ్లు ఇంకా ఇంతమంది ఉన్నారని తెలిసింది. పెన్నులు విప్పి బాగుచేయడం నా వృత్తి. అందుకే నేను దేన్నైనా ముందు లోపలి భాగాలతోనే బేరీజు వేస్తాను. కొన్ని ప్రశ్నలు ఒకేలా ఉంటే కలిపేశాను.

ప్రశ్న: మేడమ్, నేను చాలా ఏళ్లుగా నల్ల లామీ 2000తోనే రాస్తున్నాను. 2019లో నీలం రంగుది, 2021లో గోధుమరంగుది వచ్చాయి. మా పెన్నుల స్నేహితుల్లో సగం మంది వాటికోసం ఎగబడ్డారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నలుపు తీసేస్తే అది లామీ 2000 ఎలా అవుతుంది? పైగా నీలం దానికి జర్మనీలోని పాత డిజైన్ బడి బౌహౌస్ పేరు పెట్టారు. డిజైనర్‌కి బౌహౌస్‌తో సంబంధమే లేదు కదా?

జవాబు: మీ రెండో అభ్యంతరంలో నిజం ఉంది. బౌహౌస్ 1919లో మొదలై 1933లో మూతపడింది. లామీ 2000 గీసిన గెర్ట్ ముల్లర్ అక్కడ చదివే అవకాశమే లేదు. ఆయన ఇంటి విద్యుత్ పరికరాలు చేసే బ్రౌన్ (Braun) కంపెనీలో పనిచేసి వచ్చిన మనిషి, పెన్ను వచ్చింది 1966లో. బౌహౌస్ నూరేళ్ల గుర్తుగా, అది మొదలైన ఏడు అంకెతో సరిగ్గా 1919 పెన్నులే చేయడం కంపెనీ ఎంచుకున్న ముడి. అయితే అక్కర్లేని గీత ఒక్కటీ ఉండకూడదన్న ఆ బడి ఆలోచన ఈ పెన్నులో ఉంది. కాబట్టి ఆ ముడి మరీ బలవంతంగా వేసినట్టు నాకనిపించదు.

రంగు విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. మీ నల్ల పెన్నుని వెలుతురులో పెట్టి ఒకసారి చూడండి. వెనక ఇంకు లాగే పిస్టన్‌ని తిప్పే భాగం ఎక్కడ మొదలవుతుందో కంటికి దొరకదు. అతుకు అంత సన్నగా ఉంటుంది. ఒళ్లంతా మాక్రోలాన్, అంటే ఫైబర్‌గ్లాస్ కలిపి గట్టిచేసిన పాలీకార్బొనేట్. దాన్ని నున్నగా వదిలేయకుండా సన్నటి గీతలు పడేలా రుద్దారు. చెయ్యి చెమర్చినా జారదు. క్లిప్పు గట్టి స్టీలు, అడుగున స్ప్రింగుతో పనిచేస్తుంది, ఎన్నేళ్లయినా వదులు కాదు. పాళీ 14 క్యారట్ల బంగారం, పైన ప్లాటినం పూత, అందులో ముప్పావువంతు ముక్కు లోపలే, అంటే వేళ్లతో పట్టుకునే ముందు భాగంలోనే, దాగి ఉంటుంది. క్యాప్ నొక్కితే టక్కున పడుతుంది. లామీ 2000 అంటే నా లెక్కలో ఇవీ. నీలం దాంట్లో ఇవన్నీ ఉన్నాయి. గోధుమరంగు దాంట్లోనూ ఉన్నాయి. మాక్రోలాన్‌లో రంగు కలిపారు, అంతే. విప్పి చూస్తే మీ నల్లదానికీ దానికీ తేడా లేదు.

నా అభ్యంతరం అంతకు ముందు వచ్చిన దాని మీద. 2016లో పెన్నుకి యాభై ఏళ్లు నిండినప్పుడు బ్లాక్ ఆంబర్ పేరుతో 5000 పెన్నులు చేశారు. వాటికి మాక్రోలాన్ లేదు, స్టీలు ఒళ్లు. చూడ్డానికి అందంగానే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే మామూలు దానికంటే బరువు దాదాపు రెట్టింపు. యాభై ఏళ్లు నిలబెట్టిన పదార్థాన్నే ఆ పండక్కి పక్కన పెట్టడం నాకు మింగుడుపడలేదు. దాన్ని మెచ్చుకున్న పాఠకులూ ఉన్నారు. బరువైన పెన్ను చేత్తో నొక్కకుండానే రాస్తుందని ఒకాయన రాశారు. ఆయన చేతికి అది సరిపడి ఉంటుంది. గంటసేపు ఏకబిగిన రాసేవాళ్లకు మాత్రం నేను ఆ పెన్ను చెప్పను.

ప్రశ్న: అమ్మా, మా నాన్నగారి పార్కర్ 51 నా దగ్గరుంది. ఇప్పటికీ రాస్తుంది. 2021లో కంపెనీ 51ని మళ్లీ తెచ్చిందని తెలిసి ఎంతో సంబరపడ్డాను. తెప్పించి క్యాప్ తీయబోతే రాలేదు. మరలు తిప్పి తీయాలట! నాన్నగారి పెన్నుకి లాగితే వచ్చేది. ఇంత చిన్న విషయానికి నాకింత బాధ ఎందుకని మా ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు.

జవాబు: ఇది చిన్న విషయం కాదండీ. మీ ఇంట్లోవాళ్లకి ఈ జవాబు చదివి వినిపించండి.

51 అమ్మకానికి వచ్చింది 1941లో. కంపెనీ పుట్టింది 1888. 1939లో కంపెనీకి 51వ ఏడు నడుస్తుండగా పెన్ను రూపకల్పన ఒక కొలిక్కి వచ్చింది, ఆ అంకెనే పేరుగా పెట్టారు. అప్పట్లో కంపెనీ త్వరగా ఆరిపోయే ఇంకు ఒకటి చేసింది. కాగితం మీద త్వరగా ఆరే ఇంకు పాళీ మీదా త్వరగానే ఆరుతుంది కదా. అందుకని పాళీని పైకి కనిపించకుండా ఒక తొడుగులో దాచేశారు, మొన మాత్రమే బయట. ఆ తొడుగు లోపల కలెక్టర్ అనే భాగం ఉంటుంది. వరసగా సన్నటి పలకలు, వాటి మధ్య సందుల్లో ఇంకు నిలబడుతుంది. నేను విప్పినప్పుడల్లా కాసేపు దాన్ని చూస్తూ ఉండిపోతాను. పెన్ను వేడెక్కి ఇంకు ఎక్కువగా దిగినా అది పట్టి ఉంచుతుంది, కాగితం మీద బొట్టు పడనివ్వదు. క్యాప్ మూసి ఎంతసేపు పక్కన పెట్టినా మొదటి అక్షరం నుంచే రాస్తుంది.

ఇక క్యాప్. తోస్తే పడుతుంది, లాగితే వస్తుంది. క్యాప్ లోపలి రేకులు, ఒంటి మీద ఉన్న లోహపు ఉంగరం ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మరలు లేవు కాబట్టి ముక్కు నుంచి వెనక కొస దాకా వేలికి ఏదీ తగలదు. ఫోను మోగినప్పుడు ఒక చేత్తో రిసీవర్ పట్టుకుని రెండో చేత్తో క్యాప్ లాగి నంబరు రాసుకోవడానికి పుట్టిన పెన్ను అది. బౌహౌస్‌లో పాఠాలు చెప్పిన మొహోలీ నాగీ దీని డిజైన్‌ని మెచ్చుకున్నాడంటే ఊరికే కాదు.

2021 పెన్ను పైకి అచ్చం 51లాగే ఉంటుంది. పాళీ దాగే ఉంది, క్యాప్ మెరుస్తూనే ఉంది. మరలు వచ్చాయి. మామూలు రకాల్లో పాళీ స్టీలు, ఖరీదైన రకంలో బంగారం. ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టంతోనో (కార్ట్రిడ్జ్), తీసి పెట్టుకోగల చిన్న పంపుతోనో (కన్వర్టర్) ఇంకు నింపాలి. విడిగా తీసుకుంటే ఇది చెడ్డ పెన్ను కాదు. కన్వర్టర్ పాడైతే మార్చుకోవడం తేలిక. కానీ 51 పేరు పెట్టుకున్న పెన్నుకి మరలు బిగించడమంటే, ఆ పెన్ను దేనికోసం పుట్టిందో దాన్నే తీసేయడం. మీ చెయ్యి అలవాటుగా లాగింది, పెన్ను రాలేదు. బాధ కలగడం సహజం.

2002లో వచ్చిన స్పెషల్ ఎడిషన్ ఈ విషయంలో మెరుగు. ఆ 51కి కూడా కార్ట్రిడ్జ్, కన్వర్టరే. అయినా క్యాప్ లాగితే వచ్చేది. పాత పెన్నులు సేకరించేవాళ్లు దాన్ని పూర్తిగా నెత్తిన పెట్టుకోలేదు గానీ 2021 దాని మీద ఉన్నంత కోపం దాని మీద లేదు.

నాన్నగారి పెన్ను సంగతి. వెనక భాగం విప్పితే లోహపు గొట్టం, దాని మీద నొక్కే పట్టీ కనిపిస్తే అది ఏరోమెట్రిక్, 1948 తర్వాతది. లోపలి సంచీ రబ్బరు కాదు, ప్లాస్టిక్. దశాబ్దాలైనా చెడదు. చల్లటి నీళ్లతో నింపి వదలడం, నీళ్లు తేటగా వచ్చేదాకా అదే పని చేయడం. అంతకుమించి ఏమీ చేయకండి. ముక్కు తొడుగు మాత్రం సొంతంగా విప్పకండి, అది లక్కతో అతికించి ఉంటుంది.

ప్రశ్న: లిమిటెడ్ ఎడిషన్, స్పెషల్ ఎడిషన్, యానివర్సరీ ఎడిషన్. మూడూ ఒకటేనా?

జవాబు: కాదు. లిమిటెడ్ అంటే ఇన్ని పెన్నులే చేస్తామని ముందే అంకె చెప్పడం. స్పెషల్ అంటే అంకె చెప్పకుండా కొంతకాలం చేసి ఆపేయడం. యానివర్సరీ అన్నది సందర్భం మాత్రమే, అది రెండు రకాలుగానూ రావచ్చు. కొన్ని కంపెనీలు ఈ తేడా పాటించవు. పెట్టె మీద రాసింది చదువుకోవాలి.

అంకెల వెనక కథలు ఉంటాయి. మోంబ్లాంక్ కంపెనీ 1992లో ఇటలీ కళాపోషకుడు లోరెంజో డి మెడిచి పేరుతో తెచ్చిన పెన్నులు 4810. కంపెనీకి పేరిచ్చిన మోంబ్లాంక్ కొండ ఎత్తు మీటర్లలో అది, వాళ్ల పాళీల మీద కూడా ఆ అంకె చెక్కి ఉంటుంది. నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైనది పార్కర్ 75 స్పానిష్ ట్రెజర్. 1715లో తుపానుకి మునిగిపోయిన స్పెయిన్ ఓడల నుంచి బయటకు తీసిన వెండితో 1965లో చేసిన 4821 పెన్నులు. వెండి ఎంత దొరికితే పెన్నులు అన్నే అవుతాయి. అక్కడ హద్దు పెట్టింది సరుకే.

ప్రశ్న: మీ వ్యాసాల్లో ఇంకు నింపే పద్ధతి మారిస్తే పాత పెన్నుని అవమానించినట్టే అంటుంటారు. మరి డుయోఫోల్డ్ సెంటెన్నియల్ సంగతేంటి? అది కూడా వార్షికోత్సవ పెన్నే, పాత డుయోఫోల్డ్‌లో ఉన్న బటన్ పద్ధతి తీసేసి కన్వర్టర్ పెట్టారు. దాన్ని మీరు చాలాసార్లు మెచ్చుకున్నారు. ఇదేం న్యాయం?

జవాబు: మంచి ప్రశ్న. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే.

1921 నాటి డుయోఫోల్డ్ ఎందుకు అంత పేరు తెచ్చుకుందో చూద్దాం. పెన్నులు చాలావరకు నల్లగా ఉన్న రోజుల్లో నారింజ ఎరుపు రంగులో గట్టి రబ్బరుతో చేశారు. లావుగా, పొడవుగా, చేతినిండా ఉండేది. పెద్ద బంగారు పాళీ. ఆ పాళీకి పాతికేళ్ల హామీ ఇస్తున్నామని ప్రకటనలు వేశారు. వెనక మూత తీసి బటన్ నొక్కితే లోపలి పట్టీ రబ్బరు సంచీని అదుముతుంది, వదిలితే ఇంకు లాక్కుంటుంది. అప్పటికి అందరికీ తెలిసిన పద్ధతుల్లో అదొకటి. ఆ బటన్ కోసం ఎవరూ డుయోఫోల్డ్ కొనలేదు. ఆ పరిమాణం కోసం, ఆ రంగు కోసం, ఆ పాళీ కోసం కొన్నారు.

1988లో కంపెనీకి నూరేళ్లని సెంటెన్నియల్ తెచ్చినప్పుడు ఆ లావు ఉంచారు. అంచులు చదునుగా కోసిన రూపం ఉంచారు. పాళీ 18 క్యారట్ల బంగారంతో, చూడగానే డుయోఫోల్డ్‌దే అనిపించేలా చేశారు. బటన్ పోయింది. దాంతో పాటు ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుపోయే రబ్బరు సంచీ కూడా పోయింది. నా బల్ల మీదికి వచ్చే పాత డుయోఫోల్డుల్లో ఎక్కువ భాగం ఆ సంచీ ఎండి పెంకులా పగిలినవే. ఇంకోటి, సెంటెన్నియల్ ఒక్క ఏడాది ముచ్చటగా ఆగిపోలేదు. ఏళ్ల తరబడి తయారవుతూ, తనే ఒక క్లాసిక్ అయింది.

కాబట్టి నా మాటని సరిచేసి చెబుతాను. ఇంకు నింపే పద్ధతి ఒక్కటే గీటురాయి కాదు. ఆ పెన్నుని జనం దేనికోసం దగ్గర పెట్టుకున్నారో అది మిగిలిందా లేదా అన్నది చూడాలి. డుయోఫోల్డ్‌కి అది పాళీ, పరిమాణం. 51కి అది లాగితే వచ్చే క్యాప్, దాగిన పాళీ. లామీ 2000కి ఆ గరుకు ఒళ్లు, అతుకు కనిపించని పిస్టన్. పెలికాన్ పెన్నుకైతే పిస్టనే ప్రాణం. 1929లో వచ్చిన మొదటి పెలికాన్ పెన్నుకి పేరు తెచ్చింది అదే. రేపు ఎవరైనా ఆ పెన్ను నూరేళ్ల పండక్కి కన్వర్టర్ పెట్టి తెస్తే, రంగు ఎంత అచ్చంగా కలిపినా నేను ఒప్పుకోను.

ప్రశ్న: మేడమ్, చాలా ఇష్టపడి ఒక లిమిటెడ్ ఎడిషన్ కొన్నాను. ఇంకు పోయలేదు. పోస్తే విలువ పడిపోతుందని స్నేహితులు అంటున్నారు. పెట్టెలోనే ఉంచెయ్యనా?

జవాబు: రాసేదీ దాచేదీ మీ ఇష్టం. దాచేవాళ్లని తప్పుపట్టే అలవాటు నాకు లేదు. కానీ పెట్టె మూసే ముందు ఒక పని తప్పకుండా చేయండి. వారంటీ ఉండగానే పెన్ను పరీక్షించండి.

ఖరీదైన పెన్నులన్నీ ఫ్యాక్టరీ నుంచి సరిగ్గానే వస్తాయనుకోవద్దు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం తీసుకుని పాళీ మొనని ఎదురుగా చూడండి. చీలికకి రెండు వైపులా ఉన్న మొనలు ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి కిందికి దిగి ఉంటే ఒకవైపు గీత లాగినప్పుడు గీరుకుంటుంది. ఇంకో లోపం కంటికి త్వరగా దొరకదు. మొనని మరీ గుండ్రంగా పాలిష్ చేస్తే చీలిక అంచులు లోపలికి వంగిపోతాయి. ఇంకు అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది, కాగితాన్ని తాకదు. ప్రతి పదంలో మొదటి గీత ఎగిరిపోతుంది. దీన్ని కనిపెట్టాలంటే పాళీని ఇంకులో ముంచి నాలుగు లైన్లు రాయాల్సిందే. మామూలు నీలం ఇంకు చాలు. రాశాక చల్లటి నీళ్లతో కడిగి, పాళీ కిందికి ఉండేలా మెత్తటి కాగితంలో నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వండి. పిస్టన్ పెన్నైతే ఒకసారి నీళ్లు లాగి వదిలి చూడండి.

దీనివల్ల విలువ తగ్గుతుందా అంటే, ముట్టని పెన్నే కావాలనే కొందరికి తగ్గుతుంది. ఎప్పుడైనా అమ్మితే ముంచి చూశానని చెప్పి అమ్మండి. నిజాయితీగా చెప్పిన పెన్నుని నమ్మకంగా కొనేవాళ్లు ఉంటారు. దశాబ్దం తర్వాత పెట్టె తెరిచి లోపం కనిపెట్టే బాధ కంటే ఇది ఎంతో నయం. అప్పటికి వారంటీ ఉండదు, కొన్నిసార్లు ఆ భాగాలు కూడా ఉండవు.

సెల్యులాయిడ్ పెన్నైతే మాత్రం గాలి ఆడని పెట్టెలో ఏళ్ల తరబడి మూసి ఉంచకండి. ఆ పదార్థం నెమ్మదిగా ఆమ్లపు ఆవిరి వదులుతుంది. అది బయటకి పోయే దారి లేకపోతే పెన్నునే తింటుంది, పక్కనున్న లోహాన్నీ తింటుంది.

ప్రశ్న: నేను విద్యార్థిని. నీలం లామీ 2000 కోసం డబ్బు కూడబెట్టుకున్నాను. నా దగ్గర డబ్బు సమకూరేసరికి ఎక్కడా లేదు. ఒకే మనిషి నాలుగైదు కొని ఎక్కువకి అమ్ముకుంటున్నాడు. ఇది న్యాయమా ఆంటీ?

జవాబు: న్యాయం కాదు తల్లీ. రాసుకోవాలనుకున్న మనిషికి దక్కకుండా, రాయని మనిషి పెట్టెలు పేర్చుకోవడం నాకూ కోపం తెప్పిస్తుంది. కానీ ఆ ఒక్క మనిషిని తిట్టి లాభం లేదు. ఆ దారి తెరిచింది అంకె. 1919 అన్నప్పుడే కావాలనుకున్న వాళ్లలో చాలామందికి దొరకదని తేలిపోయింది.

నేను కంపెనీల నుంచి కోరుకునేది వేరు. పండగ జరిగే ఏడాదంతా ఆర్డర్లు తీసుకోవచ్చు. ఎందరు అడిగితే అన్ని చేసి, ఏడాది ముగిశాక ఆ రంగు ఆపేయవచ్చు. ఆలస్యంగా డబ్బు సమకూరినవాళ్లకీ దొరుకుతుంది, పెన్ను గౌరవమూ తగ్గదు. స్పెషల్ ఎడిషన్లతో కొన్ని కంపెనీలు ఇంచుమించు ఇదే చేస్తున్నాయి.

నువ్వు మాత్రం ఎక్కువ పెట్టి కొనకు. నల్లది కొనుక్కో. లోపల అదే పిస్టన్, అదే పాళీ. కొనే ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకో. లామీ 2000 పాళీ కాగితానికి ఒక కోణంలో తగిలితేనే హాయిగా రాస్తుంది, పెన్ను వేళ్ల మధ్య కొంచెం పక్కకి తిరిగినా గీరినట్టనిపిస్తుంది. వీలైతే రాసి చూసి తీసుకో. నీలం మీద మోజు తీరకపోతే కొన్నేళ్లు ఆగు. కొని దాచుకున్న వాళ్లలో కొందరు మనసు మారి మామూలు ధరకి వదిలేయడం నేను చూస్తూనే ఉన్నాను.

ప్రశ్న: ఇరవయ్యేళ్ల కింద ఒక కంపెనీ వార్షికోత్సవ పెన్ను కొన్నాను. పేరు రాయను. నిరుడు క్యాప్ పగిలింది. సర్వీసుకి పంపితే ఆ రంగు లేదు, కావాలంటే నల్ల క్యాప్ వేసిస్తామన్నారు. ఆకుపచ్చ పెన్నుకి నల్ల క్యాప్! ఏం చేయమంటారు?

జవాబు: నాకూ ఇదే జరిగింది, బహుశా వేరే కంపెనీతో. ముక్కు దగ్గర పగులు వచ్చిందని పంపితే, ముందు చెప్పకుండానే మామూలు రంగు ముక్కు వేసి పంపారు. పాత ముక్కు తిరిగి ఇవ్వమంటే పారేశామన్నారు. అందుకే మొదటి మాట: సర్వీసుకి పంపేటప్పుడు, పగిలిన భాగం తిరిగి పంపాలని, నన్ను అడగకుండా ఏ భాగమూ మార్చవద్దని కాగితం మీద రాసి పెన్నుతో పాటే పెట్టండి. ఆ పగిలిన ముక్కే రేపు అతికించుకోవడానికి పనికొస్తుంది.

లిమిటెడ్ ఎడిషన్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఇది. నల్ల పెన్ను ఏళ్ల తరబడి తయారవుతూ ఉంటుంది కాబట్టి దాని భాగాలు దొరుకుతూ ఉంటాయి. ఆకుపచ్చ క్యాప్ ఒకే విడత చేస్తారు. విడిభాగాలుగా కొన్ని పక్కన పెడతారేమో, అవి అయిపోతే అంతే. నంబరు వేసి అమ్మేటప్పుడు, ఎన్నేళ్లపాటు ఆ రంగు క్యాప్, ఒళ్లు దొరుకుతాయో కూడా ఆ కాగితంలోనే రాయాలి. ఇది నేను ఎంతో గట్టిగా కోరుకుంటున్నాను. సేకరించేవాళ్లు రంగు నచ్చలేదనీ నంబరు దక్కలేదనీ రాసే ఉత్తరాలతో పాటు ఈ మాట కూడా కంపెనీలకి రాస్తే బాగుంటుంది.

మీ క్యాప్ సంగతి. అది యాక్రిలిక్ అయితే, పగులు పెదవి దగ్గర సన్నటి గీతలా ఉంటే, ద్రావణంతో అతికించవచ్చు. ద్రావణం పగులులోకి పాకి రెండు అంచుల్నీ కొంచెం కరిగించి ఒకటి చేస్తుంది. గీత లీలగా కనిపిస్తుంది, గట్టిదనం మాత్రం చాలావరకు తిరిగి వస్తుంది. ఈ పని తెలిసిన చేతికే ఇవ్వండి. సూపర్ గ్లూ వేయకండి. అది అంచుల మీద తెల్లటి పొర కట్టి వదిలిపోతుంది, తర్వాత ఎవరు బాగుచేయాలన్నా ముందు దాన్ని గీకాలి. క్యాప్ ముక్కలైపోయి ఉంటే నల్లది వేయించుకుని, రాయడానికి వాడుకోండి. పగిలిన ఆకుపచ్చ క్యాప్ చిన్న డబ్బాలో భద్రం చేయండి. అలాంటి పెన్నే పాళీ విరిగి ఎవరి దగ్గరో ఉంటుంది, వాళ్ల క్యాప్ మీకు కావచ్చు.

ప్రశ్న: వార్షికోత్సవ పెన్నుల్లో ఏ ఇంకు పోయాలి?

జవాబు: నీళ్లతో సులువుగా కడుక్కుపోయే మామూలు నీలం ఇంకు. మెరుపు కణాలున్న ఇంకులు, ఇనుప లవణం కలిసిన ఐరన్ గాల్ ఇంకులు తేలిగ్గా విప్పి కడగగలిగే పెన్నులకి ఉంచండి. పిస్టన్ పెన్నులకి వద్దు.

ప్రశ్న: లామీ 2000 గోధుమరంగు ఎడిషన్ నాది. కడుగుదామని ముందు భాగం విప్పాను. బిగించాక క్యాప్ నిలబడటం లేదు, జారిపోతోంది. పాడుచేశానా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పాడవలేదు. ముక్కుకీ ఒంటికీ మధ్య సన్నటి లోహపు ఉంగరం ఒకటి ఉంటుంది. దానికి రెండు వైపులా చిన్న చెవులు బయటికి పొడుచుకు వస్తాయి, క్యాప్‌ని పట్టుకునేవి అవే. రాసేటప్పుడు వేలికి తగులుతున్నాయని కొందరు ఫిర్యాదు చేసే చెవులు కూడా ఇవే. ముందు భాగం విప్పితే ఉంగరం వదులై పడిపోతుంది, చప్పుడు కూడా రాదు. కడిగిన గిన్నె అడుగున, సింకు జాలీలో, తుడిచిన గుడ్డ మడతల్లో వెతకండి. దొరికితే చెవులు వాటి గాళ్లలో కూర్చునేలా పెట్టి నెమ్మదిగా బిగించండి. దొరక్కపోతే సర్వీసుకి రాయండి. ఇది రంగుతో సంబంధం లేని భాగం, నల్ల పెన్నుదీ మీ పెన్నుదీ ఒకటే. ఇకమీదట ఊరికే కడగడానికి ముందు భాగం విప్పకండి, పిస్టన్‌తో నీళ్లు లాగి వదిలితే సరిపోతుంది. ఒంటిని తుడవడానికి తడిగుడ్డ చాలు. అసిటోన్ తగలనివ్వకండి, పాలీకార్బొనేట్ దానికి తట్టుకోలేదు.